ఈశాన్యం మూల లాన్: పుట్టగొడుగులు ఎందుకు, గడ్డి పలచన ఎందుకు

జులై రెండో వారంలో, నాలుగు రోజుల ముసురు తెరిపిచ్చిన పొద్దున, మా తోడల్లుడు ఫోన్ చేశాడు. హైదరాబాద్ శివారు బోడుప్పల్‌లో రెండు వందల గజాల్లో ఇల్లు కట్టుకుని రెండేళ్లయింది. "అన్నా, లాన్ నిండా కుక్కగొడుగులు లేచినయ్. గడ్డి సూస్తే బట్టతల లెక్క అయింది. మందు రెండుసార్లు కొట్టించిన, అయినా వస్తనే ఉన్నయ్. ఇంకా గట్టి మందు ఏదన్న ఉందా?"

ఈ మాట నాకు కొత్త కాదు. వానాకాలం వచ్చిందంటే ఇలాంటి ఫోన్లు రెండు మూడైనా వస్తాయి. అందరి లెక్కా ఒకటే. పుట్టగొడుగులు లేచాయి, గడ్డి పలచబడింది, కాబట్టి పుట్టగొడుగులే గడ్డిని తింటున్నాయి. ఈ "కాబట్టి" దగ్గరే చిక్కు ఉంది. మన లాన్లలో లేచే పుట్టగొడుగుల్లో ఎక్కువ భాగం పచ్చగడ్డి జోలికి రావు. వాటి తిండి చచ్చిన చెక్క, ఎండిన వేర్లు, చివికీ చివకని పేడ. గడ్డి పలచబడటానికి కారణాలు వేరే ఉంటాయి. రెండూ ఒకే మట్టిలోంచి వస్తాయి కాబట్టి ఒకే రోజు కళ్లబడతాయి, అంతే.

మనకు కనబడే గొడుగు ఆ జీవి కాయ లాంటిది. అసలు ఒళ్లంతా మట్టిలో దారప్పోగుల్లా అల్లుకుని ఉంటుంది. మామిడికాయలు కోసేస్తే చెట్టు చావనట్టే, గొడుగులు పీకేస్తే ఆ అల్లిక చావదు. కాయలో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. నేల కింద మొగ్గలా ముందే తయారై కూర్చుంటుంది, వాన పడగానే నీళ్లు తాగి రాత్రికి రాత్రి ఉబ్బిపోతుంది. ఉరుము ఉరిమితే పుట్టగొడుగులు లేస్తాయని మా ఊళ్లో అనేవాళ్లు. ఉరుము వెంట వచ్చే వానను లెక్కలోకి తీసుకుంటే వాళ్ల మాట తప్పేమీ కాదు.

ఇక మందు సంగతి. మా తోడల్లుడికి దుకాణంలో ఇచ్చింది ఆకుల మీద వచ్చే తెగుళ్లకు కొట్టే శిలీంధ్రనాశిని. పైన కొట్టిన మందు పై అంగుళం మట్టిలోనే ఆగిపోతుంది. గొడుగు అసలు ఒళ్లు జానెడు, మూరెడు లోతున చెక్కను పట్టుకుని ఉంటుంది. దాని దాకా మందు చేరదు. ఈలోగా గడ్డికి మేలు చేసే శిలీంధ్రాలు పై పొరలోనే ఉంటాయి కాబట్టి దెబ్బ వాటికి తగులుతుంది. గడ్డి ఆకుల మీదే గుండ్రటి మచ్చలు పడి కుళ్లుతుంటే మందుకు అర్థం ఉంది. గొడుగులు చూసి మందు కొట్టడం మాత్రం డబ్బు దండగ.

ఆ ఆదివారం గునపం పట్టుకుని వెళ్లాను.

గొడుగులు లాన్ అంతా లేవు, ఒక గీత గీసినట్టు మూడడుగుల పొడుగున వరుసగా ఉన్నాయి. అలా వరుసగా లేచాయంటే కింద ఏదో పొడుగాటిది ఉన్నట్టే. గడ్డి పలకను చాప చుట్టినట్టు చుట్టి పక్కన పెట్టి తవ్వితే, జానెడు లోతున గునపం మెత్తగా దిగింది. సెంట్రింగ్ చెక్క. మేకులు ఇంకా దానికే ఉన్నాయి, తుప్పు పట్టి. చెక్క చుట్టూ తెల్లటి పీచు, దూది ఏకినట్టు. వేళ్లతో నొక్కితే తడిసిన బిస్కెట్‌లా విరిగింది. వాసన మాత్రం కుళ్లు వాసన కాదు, తొలకరి నాటి మట్టి వాసన. ఇంకో అడుగు దూరంలో సర్వీ కర్ర ముక్క, సిమెంటు సంచి పీలికలు, టైల్స్ ముక్కలు, వాటి మీద మొరం. మా తోడల్లుడు నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "ఇదంతా ఎత్తుకపోతనని పైసల్ తీసుకున్నడు కదన్నా" అన్నాడు, ఎవరి గురించో నేను అడగలేదు.

హైదరాబాద్‌లో కొత్తగా కట్టిన ఇళ్ల ముందు లాన్లలో చాలావాటి కింద ఇదే సరుకు. ఇల్లు పూర్తయ్యాక మిగిలిన చెత్తను ముందు జాగాలో కప్పి, పైన మొరం పోసి, దాని మీద మూడంగుళాల ఎర్రమట్టి పరిచి, నర్సరీ నుంచి తెచ్చిన గడ్డి పలకలు అతికించేస్తారు. గృహప్రవేశం నాటికి పచ్చగా కళకళలాడుతుంది. ఆ కళ ఏడాది మాట.

చెక్క అక్కడ ఉన్నందుకు గడ్డికి ఒక నష్టం మాత్రం నిజంగానే ఉంది, అది పరోక్షంగా జరిగేది. చెక్కలో కర్బనం దండిగా, నత్రజని బహు కొద్దిగా ఉంటాయి. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు ఒళ్లు పెంచుకోవడానికి నత్రజని కావాలి. చెక్కలో దొరకదు కాబట్టి చుట్టూ మట్టిలోంచి లాక్కుంటాయి. గడ్డికి అందాల్సిన వాటా అక్కడికి పోతుంది, పైన గడ్డి పసుపు తిరిగి సన్నబడుతుంది. చెక్క పూర్తిగా చివికాక ఆ నత్రజని మళ్లీ మట్టికే చేరుతుంది, కానీ దానికి కొన్నేళ్లు పడుతుంది. కాబట్టి చెక్క ఒక్కచోటే ఉంటే తవ్వి తీసేసి మంచి మట్టితో పూడ్చడం మేలు. నరికిన చెట్టు మోడూ దాని వేర్లూ లాన్ అంతా పాకి ఉంటే తవ్వకండి, చివకనివ్వండి. ఈలోగా కాస్త నత్రజని అందించండి. వంద చదరపు అడుగులకు వంద గ్రాముల యూరియా నిండు మోతాదు. నీరసించిన గడ్డికి అందులో సగం చాలు, చల్లిన వెంటనే నీళ్లు పెట్టాలి. గుప్పెళ్ల లెక్కన చల్లితే గడ్డి మాడి మచ్చలు పడుతుంది, ఆ మచ్చలకు మళ్లీ మందు కొనిపిస్తారు.

ఇంకో మాట. చివకని పశువుల ఎరువు లాన్ మీద చల్లితే వారం తిరక్కుండా సన్నటి కాడల బూడిదరంగు గొడుగులు లేస్తాయి. ఉదయం లేచి, ఎండ ముదిరేసరికి వాలిపోయి, కొన్ని సిరాలా నల్లగా కరిగిపోతాయి. వాటిని అసలు పట్టించుకోనక్కర్లేదు. పేడ అయిపోగానే అవీ అయిపోతాయి.

పుట్టగొడుగు అనే మాటలోనే మన వాళ్లు ఒక సంగతి దాచారు. పుట్ట మీద లేచే గొడుగు. చెదపురుగుల్లో ఒక తెగ తమ గూట్లో శిలీంధ్రాన్ని సాగు చేస్తుంది. తెచ్చిన పుల్లా పుడకా నమిలి పెట్టి, దాని మీద శిలీంధ్రాన్ని పెంచి, అది అరిగించి పెట్టిన తిండి తింటుంది. వానాకాలంలో ఆ తోటే నేల చీల్చుకుని గొడుగులై పైకి వస్తుంది. లాన్‌లో లేచిన గొడుగును మెల్లగా పీకి చూడండి. కాడ కింద తోకలా పొడుగాటి వేరు లోపలికి దిగి ఉంటే కింద చెదల గూడు ఉందనుకోవచ్చు. అప్పుడు మీరు చూసుకోవాల్సింది లాన్‌ని కాదు, ఇంటి గుమ్మాలనీ అల్మరాలనీ.

ఇక వలయాలు. కొన్ని లాన్లలో గొడుగులు గుండ్రంగా, ముగ్గు వేసినట్టు లేస్తాయి. ఒక చోట మొదలైన శిలీంధ్రం అన్ని వైపులా సమానంగా పాకుతుంది, లోపల తిండి అయిపోయిన చోట ఖాళీ చేసి అంచుకు జరుగుతుంది. ఆ అంచున గడ్డి మిగతాదానికన్నా ముదురు పచ్చగా, ఎత్తుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ కుళ్లినదాంట్లోంచి నత్రజని విడుదలవుతోంది. జపాన్‌లోని షిజువోకా విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి ఒక శిలీంధ్రంలోంచి గడ్డిని ఏపుగా పెంచే రసాయనాన్నే వేరు చేసి 2010లో ప్రకటించారు. అంటే మనం తిట్టుకునే గొడుగు అక్కడ గడ్డికి ఎరువు పెడుతోందన్నమాట. అయితే దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. కొన్నిసార్లు దారాల అల్లిక మరీ చిక్కబడి, మట్టి నీటిని పట్టుకోవడం మానేస్తుంది. తామరాకు మీద బొట్టులా నీళ్లు జారిపోతాయి, ఆ పట్టీలో గడ్డి ఎండిపోతుంది. గొడుగు వల్ల గడ్డి పోయే సందర్భం ఏదైనా ఉందంటే ముఖ్యంగా ఇదే, ఇక్కడా పోయింది దాహంతో. అక్కడ నాలుగు అంగుళాల లోతున గునపంతో దగ్గర దగ్గరగా పొడిచి, రెండు మూడు రోజులు నెమ్మదిగా నీళ్లు ఇంకించాలి.

ఇప్పుడు గడ్డి సంగతికి వద్దాం. ఇక్కడే నేను మా తోడల్లుడితో ఎక్కువసేపు వాదించాను.

వాస్తు, ఎండ, నీళ్లు

మన ఇళ్లలో లాన్ ఎక్కడ ఉంటుంది? ఉత్తరాన, తూర్పున, లేదంటే ఈశాన్యంలో. వాస్తు ప్రకారం ఆ వైపులే ఎక్కువ ఖాళీ వదలాలి కదా. సంపు కూడా ఈశాన్యంలోనే తవ్విస్తాం. జాగా వాలు కూడా అటే ఇస్తాం. నేను వాస్తును తప్పు పట్టడం లేదు, మా ఇంట్లోనూ అదే. గడ్డి వైపు నుంచి మాత్రం ఒకసారి చూడండి. స్థలంలోని వాన నీళ్లన్నీ ఆ మూలకే వస్తాయి. సంపు నిండి పొర్లినా అటే. ఇక ఎండ?

హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏటా మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలబెట్టిన కర్రకు నీడ పడదు, పేపర్లలో ఫొటోలు వేస్తారు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు కాస్త ఉత్తరానే ఉంటాడు. అంటే ఇంటికి ఉత్తరాన ఉన్న లాన్ మీద ఎండ బాగా పడే కాలం అదే. మనం గడ్డి పలకలు వేయించేది కూడా ఆ కాలంలోనే, జూన్ జులైలో, వానలు పడుతున్నాయి కదా అని. గడ్డి బ్రహ్మాండంగా అంటుకుంటుంది. నర్సరీ వాడికి టిప్పు కూడా ఇస్తాం.

ఆ తర్వాత సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు. డిసెంబర్ నెలాఖరులో మిట్టమధ్యాహ్నం కూడా ఆకాశంలో 49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. మా తోడల్లుడి ఇల్లు పిట్టగోడతో కలిపి పాతిక అడుగుల ఎత్తు. అంత ఎత్తు గోడ నీడ అప్పుడు ఉత్తరానికి ఇరవై ఒకటిన్నర అడుగుల దాకా పడుతుంది. ఇంటి ముందు జాగా పన్నెండు అడుగులు. లెక్క వేసి చూస్తే, దసరా దాటినప్పటి నుంచి శివరాత్రి దాకా ఆ లాన్ మీద మధ్యాహ్నపు ఎండ చుక్క కూడా పడదు. పొద్దున్నే, సాయంత్రం మూలల్లోంచి ఓరగా వచ్చేదే గతి. మిగతా వెలుతురు కూడా పక్కింటి మూడంతస్తులు మింగేస్తాయి.

మన లాన్లలో వేసే గడ్డి జాతులు చాలావరకు ఎండలో పెరిగేవే. వినాయకుడి పూజకు కోసుకొచ్చే గరికా, నర్సరీల్లో బెర్ముడా అని అమ్మే గడ్డీ ఒకే జాతి. దానికి రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల నేరుటెండ కావాలి. మెక్సికన్ కార్పెట్ అని అమ్మేది నాలుగైదు గంటలతో నెట్టుకొస్తుంది. అంతకన్నా తగ్గితే గడ్డి వెంటనే చావదు. దుబ్బు కట్టడం మానేసి, వెలుతురు కోసం సన్నగా పొడుగ్గా సాగుతుంది. మనం మిషన్ పెట్టి గుండు గీసినట్టు కోసేస్తాం. ఉన్న నాలుగాకులూ పోయాక తిండి తయారు చేసుకునేదెక్కడ? సంక్రాంతికి చుట్టాలు వచ్చేసరికి మట్టి కనబడుతుంది. దాని మీద పాచి కడుతుంది. వచ్చే వానాకాలం పలచని గడ్డి మధ్య గొడుగులు స్పష్టంగా కనబడతాయి. నిరుడూ లేచే ఉంటాయి, ఒత్తయిన గడ్డిలో కనబడలేదంతే.

ఎండ లెక్క తేలాలంటే ఒక ఆదివారం పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా గంటకో ఫొటో, నిలబడిన చోటు మార్చకుండా తీయండి. ఒకసారి జూన్‌లో, ఒకసారి డిసెంబర్‌లో. ఫొటోలు పక్కపక్కన పెట్టుకుంటే ఎవర్నీ అడగక్కర్లేదు. చలికాలంలో మూడు గంటల ఎండ కూడా రాని జాగాలో మళ్లీ మళ్లీ గడ్డి పలకలు కొనడం నా దృష్టిలో ఓటిదోనెలో నీళ్లు తోడటమే. అక్కడ షాబాద్ బండలు వేసి, సందుల్లో నీడలో బతికే మొక్కలు పెట్టుకోండి. ఫెర్న్, స్పైడర్ ప్లాంట్, సింగోనియం లాంటివి. గడ్డి కావాలంటే ఎండ పడేంత మేరే ఉంచుకోండి. నీడ తగిలే గడ్డిని రెండంగుళాలకు తగ్గకుండా కోయాలి, ఏ కోతలోనూ మూడో వంతుకు మించి తీయకూడదు.

ఇక నీళ్లు. హైదరాబాద్‌లో ఏడాదికి పడేది దాదాపు 800 మిల్లీమీటర్లు, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. ఆ నాలుగు నెలలూ లాన్‌కు మనం నీళ్లు పెట్టాల్సిన రోజులు చాలా తక్కువ. అయినా పని మనిషి రోజూ సాయంత్రం పైపు పడుతుంది, ఎందుకంటే అది ఆమె పనుల జాబితాలో ఉంది. రాత్రంతా తడిగా ఉన్న నేల శిలీంధ్రానికి పుట్టింటి లాంటిది. గడ్డికి వేసవిలోనైనా వారానికి ఓ అంగుళం, అంటే 25 మిల్లీమీటర్ల నీళ్లు చాలు. దాన్ని రెండు మూడు తడుల్లో, పొద్దున్నే పెట్టాలి. ఎంత పెడుతున్నామో తెలియాలంటే లాన్‌లో ఒక ఖాళీ డబ్బా పెట్టి, నిండిన ఎత్తు స్కేలుతో చూసుకుంటే సరి. రోజూ పైపైన చిలకరిస్తే వేర్లు కూడా పైపైనే ఉండిపోతాయి.

మట్టి గట్టిపడిందేమో చూడటానికి పొడుగాటి స్క్రూడ్రైవర్ చాలు. తడి నేలలో కూడా చేత్తో నొక్కితే నాలుగంగుళాలు దిగకపోతే వేరు మాత్రం ఎలా దిగుతుంది? మా తోడల్లుడి లాన్‌లో రెండంగుళాల దగ్గర మొరం తగిలి ఆగిపోయింది. గడ్డి పలక అంచు పట్టుకుని లాగితే గుమ్మం ముందు పట్టాలా లేచి వచ్చింది. రెండేళ్లయినా వేరు పలకలోంచి కింది మట్టిలోకి దిగలేదు. ఇలాంటి చోట గునపంతోనో, పళ్ల పారతోనో జానకు రెండు మూడు చొప్పున పోట్లు పొడిచి, చివికిన ఎరువూ మంచి మట్టీ కలిపి జల్లెడ పట్టి పావు అంగుళం మందాన పైన చల్లి, చీపురుతో రంధ్రాల్లోకి ఊడ్చాలి. జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి. ఒక్క రోజులో తేడా కనబడదు. నీళ్లు నిలిచే మూల నుంచి చిన్న కాలువ తీసి ఇంకుడు గుంతలోకి మళ్లిస్తే సగం పని అయినట్టే.

పలక లేచి వచ్చినప్పుడు దాని కింద తెల్లగా, సున్నాలా ముడుచుకున్న పురుగులు కనబడితే కథ వేరు. అవి వేరు పురుగులు. తొలకరి జల్లులు పడ్డ సాయంత్రం వేప చెట్టు ఆకులు కొరికే పెంకు పురుగులు పెట్టిన గుడ్ల నుంచి వచ్చేవి. చదరపు అడుగుకు ఐదారుకు మించి ఉంటే గడ్డి పలచబడటానికి కారణం వెతకక్కర్లేదు.

గడ్డి ఒత్తుగానే ఉండి, కొత్త ఆకులు ఈనెలు పచ్చగా మధ్యలో పసుపుగా కనబడితే అది ఇనుము లోపం. బోరు నీళ్ల ఉప్పదనం, సున్నపు గుణం వల్ల మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. మన రైతులు వేరుశనగకు చేసేదే ఇక్కడా పనికొస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయాలి. బండల మీద పడితే తుప్పు మరకలు పోవు, జాగ్రత్త.

తినొచ్చా అని అడగకండి

ఈ ప్రశ్న ప్రతి ఇంట్లో వస్తుంది. లాన్లలో లేచే పెద్ద తెల్ల గొడుగుల్లో ఒక రకం, నెత్తిన గోధుమరంగు పొలుసులతో, చూడటానికి అచ్చం కూరకు వండుకునేదానిలాగే ఉంటుంది. తింటే ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. దాని తల కోసి తెల్ల కాగితం మీద బోర్లించి గ్లాసు మూస్తే, తెల్లారేసరికి కాగితం మీద ఆకుపచ్చ పొడి రాలుతుంది. ఇదొక్కటి గుర్తుపట్టగలిగినంత మాత్రాన మిగతావి మంచివని కాదు. వండితే విషం పోతుందన్నది కూడా నమ్మే మాట కాదు. పాకే పిల్లలూ కుక్కపిల్లా ఉన్న ఇంట్లో పొద్దున్నే చేతికి కవర్ తొడుక్కుని గొడుగులన్నీ పీకి చెత్తబుట్టలో వేయండి. పీకితే గడ్డికి లాభం లేదు, పిల్లల కోసం పీకాలి. ఎవరైనా నోట్లో పెట్టుకుంటే మిగిలిన ముక్కను కాగితంలో చుట్టి ఆసుపత్రికి వెంట తీసుకెళ్లండి, డాక్టర్‌కు పనికొస్తుంది.

మా తోడల్లుడి లాన్‌లో ఆ ఆదివారం మూడు చెక్కలు, ఒక సర్వీ కర్ర, రెండు తట్టల టైల్స్ ముక్కలు తీశాం. ఇంటి గోడ వైపు ఐదడుగుల మేర గడ్డి ఎత్తేసి షాబాద్ బండలు పరిపించాడు. కాంపౌండ్ గోడ వైపు మిగిలిన గడ్డి ఆ డిసెంబర్‌లోనూ కాస్త నీరసపడింది కానీ మట్టి కనబడలేదు. మొన్న జూన్‌లో వాట్సాప్‌లో ఫొటో పంపాడు, బండల సందులో నాలుగు గొడుగులు. కింద ఒకటే మాట: "మళ్ల వచ్చినయ్ అన్నా."

ఆ మూల కింద ఇంకో చెక్క మిగిలిపోయినట్టుంది. బండ లేపమని చెప్పలేదు.